హైదరాబాద్ నూరున్నిసా, ఇంగ్లండ్ కిట్టీ

1805 నాటికి మద్రాసుకు రేవు లేదు. అక్కడ రేవు కట్టే పని మొదలవడానికి మరో 70 ఏళ్ళు పట్టింది. ఇంగ్లండ్ వెళ్ళే కంపెనీ ఓడలు తీరానికి దూరంగా, లోతు నీళ్ళలో లంగరు వేసుకుని నిలిచేవి. ప్రయాణికులు ఇసుకలో నిలబడి మసూలా పడవ ఎక్కాలి. ఒక్క ఇనుప మేకు కూడా లేకుండా, పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి చేసిన పడవ అది. మేకులు కొట్టిన పడవలైతే కెరటాల దెబ్బకు విచ్చిపోయేవి. ఇదైతే కెరటంతో పాటు వంగి లేచేది. సరంగులు పాట పాడుతూ తెడ్లు వేసి, ఒకదాని వెనుక ఒకటి వచ్చే అలలను దాటించి ఓడ దగ్గరకు చేర్చేవారు. బట్టలు తడవకుండా ఓడ ఎక్కినవాళ్ళు అరుదు.

ఆ ఏడాది సెప్టెంబరులో 'లార్డ్ హాక్స్‌బరీ' అనే తెరచాప ఓడ ఎక్కినవారిలో ఇద్దరు పసిపిల్లలున్నారు. అబ్బాయికి నాలుగున్నర ఏళ్ళు. పేరు మీర్ గులాం అలీ, ఇంట్లో సాహెబ్ ఆలం అని పిలిచేవారు. అమ్మాయికి మూడు దాటి అయిదు నెలలు. పేరు నూరున్నిసా, ముద్దుపేరు సాహెబ్ బేగం. ఇద్దరూ హైదరాబాద్‌లో, మూసీ నది ఒడ్డున పుట్టి పెరిగినవారు. వెంట కన్నతల్లి లేదు, తండ్రి లేడు. హైదరాబాద్ రెసిడెన్సీ డాక్టరు ఊర్ భార్య తన బిడ్డతో స్వదేశం వెళుతుంటే, ఆమె సంరక్షణలో పంపించారు.

ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ పాప జీవితం. ఇంగ్లండులో ఆమెను కిట్టీ కిర్క్‌పాట్రిక్ అన్నారు. ఆంగ్ల సాహిత్యం చదివినవారికి ఆ పేరు చాలాకాలంగా తెలుసు. 2002లో విలియం డాల్రింపుల్ రాసిన 'వైట్ మొఘల్స్' పుస్తకం వచ్చాక హైదరాబాదీలకూ బాగా పరిచయమైంది. అయితే ఆ పుస్తకం పేరు విన్నవారు కూడా తల్లిదండ్రుల ప్రేమకథ దగ్గరే ఆగిపోతుంటారు. ఓడ ఎక్కిన పిల్ల సంగతి ఎవరికీ అంతగా పట్టదు. మాకు మాత్రం ఆ పిల్ల సంగతే ముఖ్యమనిపించింది.

తల్లి ఖైరున్నిసా బేగం. ఇరాన్ నుంచి దక్కనుకు వచ్చి స్థిరపడిన సయ్యద్ వంశంలో పుట్టింది. తండ్రి మెహదీ యార్ ఖాన్ ముందే కన్నుమూశారు. తల్లి షరఫున్నిసా బేగం, తాత బాఖర్ అలీ ఖాన్ ఇంట్లో ఆమె పెరిగింది. తర్వాత నిజాం ప్రభుత్వానికి దివాన్ అయిన మీర్ ఆలం ఆ ఇంటికి దగ్గరి బంధువు. అటువంటి ఇంట్లో పర్దా ఎంత గట్టిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

తండ్రి జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులోనే పుట్టాడు. 1798 నుంచి నిజాం అలీ ఖాన్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. ఫార్సీ, ఉర్దూ బాగా తెలిసినవాడు. ఇంట్లో హైదరాబాదీ దుస్తులు ధరించేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ఆయన్ను మరీ ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. 1800 అక్టోబరులో నిజాంతో కుదిరిన ఒప్పందానికి కంపెనీ తరఫున మాట్లాడింది ఈయనే. టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి నిజాం వాటాకు వచ్చిన కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు ఆ ఒప్పందంతోనే కంపెనీ చేతికి పోయాయి. రాయలసీమ వాసులు దత్తమండలాలు అని తరతరాలుగా చెప్పుకునే మాట అక్కడి నుంచి వచ్చిందే. హైదరాబాద్‌ను ప్రేమించిన మనిషే హైదరాబాద్ స్వాతంత్య్రాన్ని కుదించే కాగితం మీద సంతకాలు చేయించాడు. రెండూ నిజమే.

ఆ రోజుల్లోనే కిర్క్‌పాట్రిక్‌కు ఖైరున్నిసాతో నికాహ్ జరిగింది. అమ్మాయి ఒక పెళ్ళి సందర్భంలో ఆయన్ను చూసి ఇష్టపడిందనీ, ఆమెకు అంతకు ముందే మరొకరితో నిశ్చయమైన సంబంధం ఉన్నా వద్దని పట్టుబట్టిందనీ చెబుతారు. ఆయన ఇస్లాం స్వీకరించాకే, ఇస్లామీ పద్ధతిలో, రహస్యంగా నికాహ్ చదివారు. విషయం పొక్కి కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ వరకూ వెళ్ళింది. విచారణలు జరిగాయి. ఉద్యోగం ఊడిపోయే దాకా వచ్చి ఆగింది.

ఇక్కడ మేము కాస్త ఆగి ఒక మాట చెప్పదలచుకున్నాము. ఆనాటి కంపెనీ దొరల్లో చాలామంది స్థానిక స్త్రీలను ఇళ్ళలో ఉంచుకున్నారు. వాళ్ళకు పేరు లేదు, హక్కు లేదు. ఉత్తరాలలో ప్రస్తావన కూడా ఉండేది కాదు. తర్వాత రాసినవాళ్ళు ఖైరున్నిసానూ ఆ వరుసలోనే కలిపేశారు. ఇది ఆ తల్లికి జరిగిన అన్యాయం. నికాహ్ అయిన స్త్రీకి ఉన్న స్థానం వేరు, ఆమె పిల్లలకు ఉన్న స్థానం వేరు. ఈ సంగతి 40 ఏళ్ళ తర్వాత ఆమె కన్నబిడ్డకే తేల్చుకోవలసిన ప్రశ్న అయింది. ఆ వివరం ముందుకు వెళ్ళాక వస్తుంది.

1801 మార్చి 4న సాహెబ్ ఆలం, 1802 ఏప్రిల్ 9న సాహెబ్ బేగం పుట్టారు. రెసిడెన్సీ తోటలో భార్య కోసం కిర్క్‌పాట్రిక్ రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. పక్కనే, ఇప్పుడు మనం కోఠీ అని పిలిచే ప్రాంతంలో, పెద్ద స్తంభాలతో రెసిడెన్సీ భవనం 1803 నుంచి లేస్తోంది. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. జనానా దాటి రాని ఖైరున్నిసా చూడటానికని ఆ భవనానికి చిన్న ప్రతిరూపం ఒకటి రంగ్ మహల్ తోటలో కట్టించారని చెబుతారు. పిల్లలు ఆడుకోవడానికి అంతకంటే మంచి బొమ్మ ఇంకేముంటుంది!

మరి అంత ముచ్చటగా పెంచుకున్న పిల్లలను అంత చిన్న వయసులో సముద్రం దాటించడం దేనికి? కారణం కంపెనీ నిబంధనలలో ఉంది. తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైతే, ఆ సంతానానికి కంపెనీ సివిల్ ఉద్యోగాలుగానీ, సైన్యంలోగానీ, ఓడల్లోగానీ అధికారి పదవులు ఇవ్వరాదని 1791లో తీర్మానించారు. అంతకు ముందు రెండు తరాల వరకు లేని కట్టుబాటు ఇది. ఇక్కడే పెరిగితే అటు దొరల్లోనూ కలవరు, ఇటు నవాబుల్లోనూ కలవరు అన్న భయం తండ్రిని పట్టుకుంది. చర్మం రంగు తెలుపుకు దగ్గరగా ఉంది కాబట్టి, చిన్నప్పుడే తీసుకువెళితే ఇంగ్లండులో ఇమిడిపోతారని లెక్క వేసుకున్నాడు. లెక్క తండ్రిది, కడుపుకోత తల్లిది. ఆమెకు అప్పుడు 19 ఏళ్ళు.

విడిపోయిన రోజున తల్లి ఎలా ఏడ్చిందో, ఏ చోట కూర్చుందో, తన పొడవాటి జుట్టును ఎలా పీక్కుందో ఆ మూడేళ్ళ పాప జీవితాంతం మరచిపోలేదు. మూడేళ్ళ వయసులో చూసినవి సాధారణంగా ఎవరికీ గుర్తుండవు. ఈ పిల్లకు గుర్తున్నది అదొక్కటే అయివుంటుంది.

మద్రాసులో ఓడ ఎక్కేముందు ఇద్దరినీ నిలబెట్టి జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు నిలువెత్తు చిత్రం గీశాడు. హైదరాబాదీ జరీ దుస్తుల్లో, తలపై టోపీలతో, మెట్ల మీద నిలబడ్డారు. అన్న ధీమాగా ఎదురు చూస్తున్నాడు. చెల్లెలు అతన్ని ఆనుకుని చూపులు కిందికి దించుకుంది. కనురెప్పలు ఏడ్చి ఉబ్బినట్లున్నాయని చూసినవాళ్ళంటారు. మన దుస్తులు వారు ధరించిన చివరి రోజులవి. భారతదేశంలో బ్రిటిష్ చిత్రకారులు గీసినవాటిలో ఇది మేలైన చిత్రమని ఎన్నో పుస్తకాలలో ముద్రించారు.

ఇక ఓడ సంగతి. సూయజ్ కాలువ లేదు, ఆవిరి యంత్రం లేదు. ఆఫ్రికా ఖండం కొసను చుట్టుకుని వెళ్ళాలి. గాలి అనుకూలిస్తే అయిదు నెలలు, లేకుంటే ఆరు దాటవచ్చు. ఈశాన్య రుతుపవనాల తుఫాన్లు రాకముందే మద్రాసు తీరం వదలాలి కాబట్టి సెప్టెంబరు దాటనిచ్చేవారు కాదు. కంపెనీ ఓడల్లో స్తోమత ఉన్నవారికి వెనుక భాగంలో గదులు దొరికేవి. అవి కూడా చాలావరకు కర్ర చట్రానికి కాన్వాసు గుడ్డ కట్టి విడదీసినవే. పక్కవారి దగ్గు, పిల్లల ఏడుపు, పైన నావికుల అడుగుల చప్పుడు అన్నీ వినిపిస్తాయి. పాల కోసం మేకలను, ఆవులను, మాంసానికి గొర్రెలను, కోళ్ళను ఓడ మీదే పెంచేవారు. పీపాల్లో నీళ్ళు వారాలు గడిచేకొద్దీ వాసన వేసేవి. తాజా కూరలు, పళ్ళు అయిపోతే చిగుళ్ళు వాచి రక్తం కారే జబ్బు మొదలయ్యేది.

పైగా అవి నెపోలియన్‌తో యుద్ధం నడుస్తున్న రోజులు. ఫ్రెంచి ఓడలు దారికాస్తాయన్న భయంతో కంపెనీ ఓడలు గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో కదిలేవి. కేప్ రేవు అప్పటికి డచ్చివారి చేతిలో ఉంది. ఇంగ్లీషు ఓడలకు అక్కడ ఆగే వీలు లేదు. తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్ మధ్యలోని సెయింట్ హెలెనా ద్వీపమే వారికి విడిది. మన పిల్లలు సముద్రం మీద ఉండగానే అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధం జరిగింది. ప్రపంచ చరిత్రకు అది పెద్ద విషయం. ఆ పిల్లల చరిత్రకు పెద్ద విషయం అంతకు ఆరు రోజుల ముందే జరిగిపోయింది.

వాళ్ళను పంపించాక కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ తిరిగి రాలేదు. ఆరోగ్యం బాగా చెడిపోయి ఉంది. అయినా గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌ను కలవాలని మద్రాసు నుంచి కలకత్తాకు బయలుదేరాడు. ఆయన కలకత్తా చేరేవేళకు కార్న్‌వాలిస్ ఘాజీపూర్‌లో చనిపోయి ఉన్నాడు. 1805 అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కూడా కలకత్తాలో కన్నుమూశాడు. వయసు 41. భార్య వందల మైళ్ళ దూరంలో, హైదరాబాద్‌లో. పిల్లలు నడిసముద్రంలో. అనాథలమయ్యామని తెలియకుండానే వాళ్ళు ఇంకా నెలల పాటు ప్రయాణం చేశారు.

ఇంగ్లండు చేరాక జరిగిన మొదటి పెద్ద కార్యక్రమం పేర్ల మార్పు. 1806 మార్చి 25న లండన్ మేరిల్‌బోన్‌లోని సెయింట్ మేరీ చర్చిలో ఇద్దరికీ బాప్తిస్మం ఇప్పించారు. మీర్ గులాం అలీ విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్ అయ్యాడు. నూరున్నిసా కేథరిన్ అరోరా అయింది. అరోరా అంటే ఉషోదయం, నూర్ అంటే వెలుగు. ఆ పేరు ఎంచినవారు తెలిసి చేశారో యాదృచ్ఛికమో గానీ, కన్నవారు పెట్టిన పేరు నీడ ఒకటి మిగిలింది. ఇంట్లో మాత్రం అందరూ కిట్టీ అన్నారు. నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల. మతం ఏమిటో, పేరు మారడమంటే ఏమిటో అర్థమయ్యే వయసు కాదు. ఆ తర్వాత ఆమె క్రైస్తవురాలిగానే పెరిగింది, క్రైస్తవురాలిగానే జీవించింది. అందుకు ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నిర్ణయం ఆమెది కాదు.

కెంట్ ప్రాంతంలో తాత ఇంట్లో వారిద్దరూ పెరిగారు. ఆదరణకు లోటు లేదని తెలుస్తుంది. కాని ఒకటి మాత్రం తెంచివేశారు. హైదరాబాద్‌లోని తల్లితో, అమ్మమ్మతో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగనివ్వలేదు. రాయాలని ఉన్నా, రాసిన ఉత్తరం ఎలాగూ మధ్యలోనే ఆపేస్తారన్న నమ్మకంతో రాయలేకపోయానని కిట్టీ పెద్దయ్యాక అమ్మమ్మకు తెలిపింది. ఆరేడేళ్ళు గడిచేసరికి చిన్ననాటి భాష కూడా నాలుక మీద నుంచి జారిపోయింది. అన్న పరిస్థితి ఇంకా దయనీయం. 1812లో మరుగుతున్న నీళ్ళ కాగులో పడి అవిటివాడయ్యాడు. కవిత్వం, తత్వం అంటూ ఊహాలోకంలో బ్రతికాడు. పెళ్ళి చేసుకుని, 1828లో 27 ఏళ్ళకే చనిపోయాడు. హైదరాబాద్‌ను గుర్తుంచుకున్న మరో మనిషి ఆమెకు లేకుండా పోయాడు.

ఈలోపు తల్లికి ఏమైంది? ఆ విధవరాలు 1806లో భర్త సమాధి చూడటానికి తల్లిని వెంటబెట్టుకుని కలకత్తా వెళ్ళింది. పర్దానషీన్ అయిన హైదరాబాదీ బేగం చేసిన ఆ దూర ప్రయాణం ఒక్కటే చాలు, ఆ సంబంధం ఎలాంటిదో చెప్పడానికి. అక్కడ భర్త దగ్గర సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు అండగా నిలిచాడు. ఆ అండ తర్వాత సాన్నిహిత్యమైంది. హైదరాబాద్‌లో మీర్ ఆలం ఆగ్రహించి ఆమెను నగరంలో అడుగుపెట్టనివ్వలేదు. తల్లీకూతుళ్ళు మన మచిలీపట్నంలో ప్రవాసం గడపవలసి వచ్చింది. ఒకప్పుడు ప్రపంచమంతా అద్దకం బట్టలు కొనుక్కున్న ఆ బందరు అప్పటికే కళ తప్పుతోంది. రస్సెల్ వస్తానని చెప్పి, మద్రాసులో ఒక ఇంగ్లీషు అమ్మాయిని 1808లో పెళ్ళి చేసుకున్నాడు. అంతకు మించి అతని గురించి చెప్పడానికి మాకు మనస్కరించడం లేదు. కాకపోతే ఈ కథలో అతను మళ్ళీ వస్తాడు.

మీర్ ఆలం మరణించాక కొంతకాలానికి ఖైరున్నిసా హైదరాబాద్ చేరుకుంది. 1813 సెప్టెంబరు 22న తుదిశ్వాస విడిచింది. వయసు 27. ఓడ ఎక్కిన పిల్లలను మళ్ళీ చూడలేదు, వారి చేతిరాత కూడా చూడలేదు. కిట్టీకి అప్పుడు పదకొండేళ్ళు.

తాత 1818లో చనిపోయాక కిట్టీ పెదనాన్న విలియం కూతుళ్ళ ఇళ్ళలో, అంటే అక్కల దగ్గర, పెరిగింది. తండ్రి వదిలిన ఆస్తి వల్ల ఎవరి మీదా ఆధారపడనక్కరలేదు. 1824లో లండన్‌లో ఆమెను ఒక పేద స్కాచ్ యువకుడు చూశాడు. ఆమె అక్కలలో ఒకరైన బుల్లర్ గారి పిల్లలకు పాఠాలు చెప్పడానికి కుదిరినవాడు. పేరు థామస్ కార్లైల్. ఆ ఏడాదే కొందరు బంధుమిత్రులతో కలిసి ఇద్దరూ పారిస్ యాత్ర కూడా చేశారు. ఆమె రాగిరంగు జుట్టు, నెమ్మదితనం, తూర్పుదేశపు మృదుత్వం అతని మనసులో ముద్రపడ్డాయి. ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లోనూ ఆమెను తలచుకున్నాడు. 1833-34లో వెలువడిన అతని 'సార్టర్ రిసార్టస్' గ్రంథంలో కథానాయకుడు ప్రేమించి దూరమైన బ్లూమినే అనే అమ్మాయికి మూలం కిట్టీయే అని చాలామంది పండితుల అభిప్రాయం. వేరే ఇద్దరి పేర్లు చెప్పేవారూ ఉన్నారు.

కార్లైల్ అనగానే మన పాఠకులకు మరో సంగతి గుర్తుకు రావాలి. 1840 మేలో లండన్‌లో వీరపురుషుల గురించి ఉపన్యాసాలిస్తూ, దైవప్రవక్త ముహమ్మద్ (స)ను వంచకుడిగా చిత్రించే పాత ఐరోపా అలవాటును తిప్పికొట్టినవాడు ఆయనే. మీలాద్ సభల్లో ఆయన పేరు వినని వారుండరు. హైదరాబాద్ సయ్యదుల ఆడపడుచును యౌవనంలో ఎరిగివుండటానికి, ఆ ఉపన్యాసానికి లంకె ఉందని చెప్పే సాహసం మేము చేయం. ఆధారం లేదు. కానీ ఒక ముస్లిం తల్లి కన్నబిడ్డను దగ్గరగా చూసి గౌరవించిన మనిషి అన్నది మాత్రం వాస్తవం.

1829 నవంబరులో కిట్టీ 7వ హుస్సార్స్ అశ్విక దళానికి చెందిన కెప్టెన్ జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ను పెళ్ళాడింది. ఇద్దరూ డెవన్ తీరంలోని టార్కీ పట్టణంలో స్థిరపడ్డారు. పిల్లలు పుట్టారు. కొందరు పసితనంలోనే పోయారు. బయటికి చూస్తే ఆమె పూర్తిగా ఇంగ్లీషు ఇల్లాలు. సముద్రం ఎదురుగా ఉండే ఊరు, ఓడలు వస్తూ పోతూ ఉండే ఊరు.

ఒకసారి ఆమె స్నేహితురాలితో కలిసి బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ అనే పెద్ద భవంతిని సందర్శించింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. 1811 నుంచి 1820 దాకా తానే హైదరాబాద్ రెసిడెంటుగా పనిచేసి, బోలెడు సొమ్ముతో స్వదేశం చేరి కొనుక్కున్న ఇల్లు. లోపల గోడ మీద చిన్నరీ గీసిన చిత్రం వేలాడుతోంది. జరీ దుస్తుల్లో అన్న, అతన్ని ఆనుకుని చూపులు దించుకున్న తాను. కిట్టీ అక్కడికక్కడే కన్నీళ్ళు పెట్టుకుంది. తల్లి దగ్గర ఉండవలసిన చిత్రం ఈ ఇంటికి ఎలా చేరిందో రస్సెల్‌కే తెలియాలి.

ఆ పరిచయంతోనే ఆమెకు తెలిసివచ్చింది, అమ్మమ్మ షరఫున్నిసా బేగం హైదరాబాద్‌లో ఇంకా బ్రతికే ఉందని! 1841లో ఉత్తరాలు మొదలయ్యాయి. విడిపోయి 36 ఏళ్ళు. రెసిడెన్సీలో సహాయకుడుగా ఉన్న డంకన్ మాల్కమ్ అనే అధికారి మధ్యవర్తి. మనవరాలు ఇంగ్లీషులో రాస్తే ఆయన ఫార్సీ చేయించి వినిపించేవారు. అమ్మమ్మ లేఖకుడిని కూర్చోబెట్టి ఫార్సీలో చెప్పి రాయించేది. బంగారు పొడి చల్లిన కాగితం మీద, ఖానదానీ ఇళ్ళ మర్యాద తప్పకుండా. అప్పటికే జాగీర్లు పోయి ఆమె ఇబ్బందుల్లో ఉంది. అయినా మనవరాలికి రాసే కాగితంలో ఆ సంగతి కనబడకూడదనుకుంది కాబోలు.

కిట్టీ ఉత్తరాల్లో ముప్పై ఆరేళ్ళుగా మూసిపెట్టినదంతా బయటికొచ్చింది. తన పిల్లల గురించి చెప్పింది, పోయినవారి గురించి చెప్పింది. ఇండియాలో అమ్మతో, అమ్మమ్మతో ఆ పాత గదిలో కూర్చున్నట్లు తరచు కలలు వస్తాయని రాసింది. తల్లిని విడిచిన రోజు గుర్తుందని, అమ్మ జుట్టు పాయ ఒక్కటి దొరికితే లోకాలు ఇచ్చేస్తానని వేడుకుంది. నీవు నన్ను ప్రేమిస్తున్నావని ఇన్నేళ్ళూ తెలియకుండా పోయిందే అని వాపోయింది. మనవరాలు బ్రతికి ఉందన్న వార్త విన్నప్పుడు తన చచ్చిన ప్రాణం లేచి వచ్చినట్లయిందని ఆ ముసలావిడ బదులు రాయించింది.

ఒక ప్రశ్న కూడా ఆ ఓడలతో పాటు హైదరాబాద్ వచ్చింది. మా అమ్మకూ నాన్నకూ పెళ్ళి అయిందా? ఇంగ్లండులో పెరిగిన స్త్రీకి, నలుగురు బిడ్డల తల్లికి, ఇది మామూలు ప్రశ్న కాదు. తాను ఎవరో, తన తల్లి ఎవరో తేలే ప్రశ్న. షరఫున్నిసా దాటవేయలేదు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించాడనీ, నికాహ్ శాస్త్రోక్తంగా జరిగిందనీ వివరంగా వాంగ్మూలం ఇచ్చింది. కంపెనీ విచారణలు, దర్బారు పుకార్లు, లండన్ పెద్దమనుషుల చెవులు కొరుక్కోవడాలు ఒక ఎత్తు. పెళ్ళికూతురి కన్నతల్లి సాక్ష్యం మరో ఎత్తు. మేము దానినే నమ్ముతాము.

ఇద్దరిలో ఒకరు ఓడ ఎక్కితే కలుసుకోగలిగేవారు. అప్పటికి ఆవిరి ఓడలు కూడా ఈజిప్టు మీదుగా నడుస్తున్నాయి. రెండు నెలల దారి. కాని ఒకరు బిడ్డలున్న ఇల్లాలు, మరొకరు మంచం పట్టే వయసులో ఉన్న బేగం. కుదరలేదు. ఆరేళ్ళు ఉత్తరాలు నడిచాయి. 1847 జూలై 21న షరఫున్నిసా బేగం మరణించింది.

1852లో రస్సెల్ పోతూ ఆ చిత్రాన్ని కిట్టీకి రాసిపోయాడు. అతను చేసిన మంచి పనుల్లో ఇదొకటి. తర్వాతి కాలంలో అది చేతులు మారి హాంకాంగ్ చేరి ఒక బ్యాంకు సేకరణలో చేరింది. హైదరాబాద్‌లో రంగ్ మహల్ 1860లో కూల్చివేతకు గురైంది. విక్టోరియా కాలపు రెసిడెంటు దొరలకు తోటలో జనానా జ్ఞాపకం నచ్చలేదు. రెసిడెన్సీ భవనం మాత్రం నిలిచింది. 1949 నుంచి అది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి మహిళా కళాశాల. కోఠీ ఉమెన్స్ కాలేజీ అంటే తెలియని హైదరాబాదీ ఇల్లు ఉండదు. మన ఇళ్ళలోని ఎందరో ఆడపిల్లలు బుర్ఖాలు సర్దుకుంటూ ఆ పెద్ద మెట్లు ఎక్కి చదువుకున్నారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దెబ్బతిన్న ఆ చిన్న నమూనా భవనం కూడా తోటలో ఉంది.

కిట్టీ తన అన్న కంటే, తల్లి కంటే, భర్త కంటే ఎక్కువకాలం బ్రతికింది. ముసలితనంలో కూడా ఇండియా నుంచి వచ్చినవారిని కూర్చోబెట్టి అడిగి వినడం ఆమెకు ఇష్టం. మద్రాసు తీరంలో మసూలా పడవ ఎక్కిన 84 ఏళ్ళకు, 1889లో, టార్కీలో ఆమె కన్నుమూసింది.